ధరల పెరుగుదల – పింఛను విలువ

రూపాయికి రెండు లెక్కలున్నాయి. ఒకటి దానిమీద ముద్రించిన అంకె. రెండవది ఆ అంకెకు అంగట్లో లభించే సరుకు. మొదటిది మారదు. రెండవది ఏటేటా మారుతూనే ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం మనిషి ఈ తేడాను ఏదో ఒక విధంగా పూడ్చుకోగలడు. మరి కొన్ని గంటలు పనిచేస్తాడు, వేరొక యజమానిని వెదుక్కుంటాడు, కూలి పెంచమని అడుగుతాడు. పనిమానిన ముదుసలికి ఈ దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి. అతని చేతికి వచ్చే పింఛను ధరలతోపాటు కదిలేదైతే అతని బ్రతుకు నిలకడగా సాగుతుంది. కదలనిదైతే, అంకె చెక్కుచెదరకుండానే అతని ఆదాయం సంవత్సరం సంవత్సరం తరిగిపోతుంది. ఎవరూ దానిలోనుంచి ఒక్క పైసా కోయరు, అయినా అది తగ్గుతుంది.

ఈ విషయాన్ని విడమరచి చూడడానికి ఒక ఊరిని తీసుకొనడం మంచిది. ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి పక్కన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో వేంసూరు ఉన్నది. ఒకవైపు అశ్వారావుపేట, భద్రాచలం దారిలోని అడవులు, వరిచేలు, మామిడి, పామాయిలు తోటలు. మరొకవైపు సత్తుపల్లి వద్ద సింగరేణి వారి ఉపరితల గనులు. ఇటువంటి ఊరిలో ముగ్గురు వృద్ధులు ఒకే మసీదు అరుగుమీద కూర్చుంటారని ఊహించవచ్చు. ఒకరు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయుడు. రెండవవారు బొగ్గుగనిలో పనిచేసి దిగిపోయిన కార్మికుడు. మూడవవారు బియ్యపు మిల్లులో గుమాస్తాగా ఉండి భవిష్యనిధి పింఛను తీసుకొనేవారు. ముగ్గురూ కొనేది ఒకే అంగడిలో, ఒకే ధరకు. కాని ధర పెరిగిన మరునాడు ముగ్గురి స్థితీ ఒకటి కాదు. ఆ తేడాకు కారణం వారి కష్టంలో లేదు, వారికి వర్తించే నియమంలో ఉన్నది.

కరువు భత్యం అంటే ఏమిటి?

హైదరాబాదు రాజ్యంలో పింఛనును వజీఫా అనేవారు. పాత తరం వారి నోట ఆ మాట నేటికీ వినిపిస్తుంది. వజీఫా ఒకసారి నిర్ణయమైతే అదే మొత్తం జీవితాంతం వచ్చేది. ధరలు నెమ్మదిగా కదిలే కాలంలో దానివల్ల పెద్ద ఇబ్బంది లేకపోయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ధాన్యం, గుడ్డ, కిరసనాయిలు ధరలు ఒక్కసారిగా ఎగబ్రాకినప్పుడు, జీతానికి తోడుగా తాత్కాలికంగా కొంత ఇవ్వవలసి వచ్చింది. దానికే కరువు భత్యమని పేరు. తాత్కాలికమనుకున్నది స్థిరపడింది, ఎందుకనగా ధరలు మరల వెనుకకు రాలేదు. పనిలో ఉన్నవారికి ఇచ్చేదాన్ని కరువు భత్యం (డి.ఏ.) అనీ, పింఛనుదారులకు ఇచ్చేదాన్ని కరువు ఉపశమనం (డి.ఆర్.) అనీ వ్యవహరిస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1986 నాటి నాల్గవ వేతన సంఘం తరువాత సంవత్సరానికి రెండుసార్లు, జనవరి 1, జూలై 1 తేదీలనుండి దీనిని సవరించే పద్ధతి నిలబడింది.

సవరణకు కొలమానం పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. దేశంలోని 88 కేంద్రాలలో బియ్యం, పప్పు, నూనె, అద్దె, వైద్యం, బట్టలు మొదలైన వాటి ధరలను సేకరించి, కేంద్ర కార్మిక శాఖకు చెందిన లేబర్ బ్యూరో ప్రతినెలా దీనిని ప్రకటిస్తుంది. 2016 సంవత్సరపు సగటు ధరలను 100గా లెక్కిస్తారు. అనగా సూచీ 145 అన్నదంటే, 2016లో నూరు రూపాయలకు వచ్చిన సరుకులకు ఇప్పుడు 145 రూపాయలు కావాలని అర్థం. ఇందులో ఆహార పదార్థాల వంతు 39 శాతం పైచిలుకు.

లెక్క కట్టే పద్ధతి కష్టమైనది కాదు. గడచిన పన్నెండు నెలల సూచీల సగటు తీసుకొని, దానిని 2.88తో గుణిస్తారు. పాత సూచీకి 2001 ఆధార సంవత్సరం. కొత్త అంకెను ఆ పాత కొలతలోనికి మార్చడానికే ఈ గుణకారం. అందులోనుండి 261.42 తీసివేస్తారు. ఇది ఏడవ వేతన సంఘం జీతాలు అమలులోకి వచ్చిన 2016 జనవరి 1 నాటి సగటు. మిగిలినదానిని మరల 261.42తో భాగించి నూటికి లెక్కగడతారు. 2025 జూన్‌తో ముగిసిన పన్నెండు నెలల సగటు సుమారు 143.6. దానిని 2.88తో గుణిస్తే 413.57. 261.42 తీసివేయగా మిగిలేది 152.15. ఇది 261.42లో 58.2 శాతం. భిన్నాన్ని వదలివేయగా 58 శాతం. 2025 జూలై 1 నుండి కేంద్రం ఇచ్చిన కరువు భత్యం సరిగ్గా ఇదే.

ఇక్కడ పాఠకులు రెండు సంగతులు గమనించాలి. మొదటిది, కరువు భత్యం ఉద్యోగికి లభించే కొత్త లాభం కాదు. ధరల మూలంగా పోయినదానిని, పోయిన తరువాత తిరిగి ఇవ్వడం. పన్నెండు నెలల సగటు తీస్తారు గనుక ఆ తిరిగి ఇవ్వడం కూడా ఎప్పుడూ ఆలస్యంగానే జరుగుతుంది. రెండవది, లెక్క ఎంత ఖచ్చితంగా ఉన్నా, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేవరకు రూపాయి చేతికి రాదు. కరోనా కాలంలో 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి – ఈ మూడు వాయిదాలను కేంద్రం నిలిపివేసింది. భత్యం 17 శాతం వద్దనే ఆగి, 2021 జూలై 1న ఒక్కసారిగా 28 శాతానికి చేరింది. కాని మధ్యలోని పదునెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. సూచీ తన పని తాను చేసింది, ఉత్తర్వు చేయలేదు.

ఉపాధ్యాయుని లెక్క

వేంసూరు ఉపాధ్యాయుడు రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారు. కేంద్రం ఒక శాతం పెంచినప్పుడు తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగులకు, పింఛనుదారులకు 0.910 శాతం పెంచే పద్ధతిని 2020 వేతన సవరణతో అనుసరించింది. కేంద్రంలో 4 శాతమైతే ఇక్కడ 3.64 శాతం. ఇది అన్యాయమని కొందరు భ్రమపడతారు. నిజానికి కేంద్ర జీతాలు 2016 జనవరి నాటి ధరలమీద నిలిచినవి. రాష్ట్ర జీతాలు 2018 జూలై నాటి ధరలమీద నిలిచినవి. అప్పటికే ఎక్కువగా ఉన్న అంకెమీద అదే పెరుగుదలను లెక్కిస్తే శాతం కొంచెం తక్కువగానే తేలుతుంది. రెండడుగుల మొక్క ఒక అడుగు పెరగడం, మూడడుగుల మొక్క ఒక అడుగు పెరగడం శాతంలో ఒకటి కాదు గదా!

అసలు నష్టం ఆలస్యంలో ఉన్నది. 2022 జూలై నుండి రావలసిన 3.64 శాతం వాయిదా తెలంగాణలో 2024 అక్టోబరు చివర మంజూరైంది. నడుమ గడచినవి 28 నెలలు. మూల పింఛను 30,000 రూపాయలు ఉన్న వ్యక్తికి ఈ వాయిదా నెలకు 1,092 రూపాయలు. 28 నెలలకు 30,576 రూపాయలు. బకాయి తరువాత చేతికి వచ్చినా, 2022లో ఆ డబ్బు కొనగలిగిన మందులను, పప్పులను 2025లో కొనజాలదు. ఆలస్యానికి పరిహారమంటూ ఏమీ లేదు.

అయినప్పటికీ ముగ్గురిలో ఈయనే అదృష్టవంతుడు. ఆయన పింఛను కదులుతుంది. వేతన సవరణ జరిగినప్పుడు మూల పింఛను కూడా పెరుగుతుంది. 2021లో అమలైన సవరణలో 30 శాతం ఫిట్‌మెంటు లభించింది, గ్రాట్యుటీ పరిమితి 12 లక్షలనుండి 16 లక్షలకు పెరిగింది. కాని ఇదే పాఠశాలలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన ఉపాధ్యాయులకు ఈ ఏర్పాటు లేదు. వారు కాంట్రిబ్యూటరీ పింఛను పథకంలో ఉన్నారు. వారి నిధి మార్కెట్టులో పెరిగినంత పెరుగుతుంది. దానితో కొన్న నెలవారీ మొత్తానికి కరువు ఉపశమనం చేరదు. ఒకే బడిలో, ఒకే నల్లబల్ల ముందు నిలిచిన ఇద్దరిలో ఒకరి వార్ధక్యం సూచీకి ముడిపడి ఉన్నది, మరొకరిది లేదు.

గని కార్మికుని లెక్క

బొగ్గుగని కార్మికుని సంగతి మరింత విచిత్రమైనది. పనిలో ఉన్నంతకాలం అతని వేతనం ధరలతో చక్కగా ముడివేయబడి ఉంటుంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల ప్రకారం అతని కరువు భత్యం మూడు నెలలకొకసారి మారుతుంది. 2023లో కుదిరిన పదకొండవ ఒప్పందం 2021 జూలై 1 నుండి 19 శాతం కనీస పెంపు ఇచ్చింది. ఉపాధ్యాయుని భత్యం కంటె ఇతనిది త్వరగా కదులుతుంది.

కాని అతడు పని విరమించిన రోజున ఈ ముడి తెగిపోతుంది. 1998లో వచ్చిన బొగ్గుగనుల పింఛను పథకం ప్రకారం, చివరి నెలల సగటు వేతనంలో నాల్గవ వంతు మేరకు పింఛను నిర్ణయమవుతుంది. దానికి కరువు ఉపశమనం లేదు. మూడేండ్లకొకసారి పథకాన్ని సమీక్షించాలన్న ఏర్పాటు ఉన్నా, పింఛను ధరలతోపాటు పెరగలేదని కార్మిక సంఘాలు ఎంతోకాలంగా మొరపెట్టుకొంటున్నాయి. ఫలితంగా 2000 ప్రాంతంలో దిగినవారి పింఛను ఆనాటి వేతనాల లెక్కలోనే నిలిచిపోయింది. అదే గనిలో, అదే పని చేసి ఇటీవల దిగిన వారి పింఛను అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ముందు పుట్టడమే మొదటివాని నేరమైనట్లున్నది.

భవిష్యనిధి – కదలని పరిమితి

మూడవవారి లెక్క అర్థం కావాలంటే పరిమితి అనే మాట అర్థం కావాలి. ఉద్యోగుల భవిష్యనిధిలో చేరిక తప్పనిసరి అయ్యే జీతానికి ఒక పై గీత ఉన్నది. పింఛను నిధికి యజమాని వాటానుండి వెళ్లే 8.33 శాతాన్ని కూడా ఆ గీత వరకే లెక్కిస్తారు. 1952లో ఈ గీత 300 రూపాయలు. 1957లో 500, 1962లో 1,000, 1976లో 1,600, 1985లో 2,500, 1990లో 3,500, 1994లో 5,000, 2001 జూన్‌లో 6,500 అయింది. ఆ తరువాత పదమూడు సంవత్సరాలు కదలలేదు. 2014 సెప్టెంబరు 1న 15,000 అయింది. మరల పదేండ్లు దాటినా అక్కడనే నిలిచింది.

దీనిని ధరల సూచీ పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 2001 సగటును 100గా పెట్టుకున్న సూచీ 2014 ఆగస్టులో 253కు చేరింది. 6,500 రూపాయల గీత ధరలతోపాటు నడచి ఉంటే అప్పటికే 16,400 దాటేది. అనగా 15,000 అనే పెద్ద అంకె చూడడానికి పెంపుగా కనిపించినా, పాత విలువను కూడా పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. 2025 జూన్ నాటి సూచీ 145.0. పాత కొలతలో 417.6. ఆ లెక్కన 2014 నాటి 15,000 విలువ నిలబెట్టడానికి సుమారు 24,750 రూపాయల గీత అవసరం.

ఈ గీత మిల్లు గుమాస్తాను రెండు విధాల తాకుతుంది. పింఛను సూత్రం ఇది: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. జీతం ఎంత ఉన్నా గీత 15,000 వద్ద ఉంటే, 35 సంవత్సరాల లెక్క వచ్చిన వ్యక్తికి కూడా 7,500 రూపాయలకు మించదు. ఎక్కువ జీతంమీద పింఛను కోరే హక్కు గురించి సాగిన వివాదం 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వరకు వెళ్లింది. చిన్న కార్మికునికి దానితో పెద్దగా పని లేదు. అతని జీతమే తక్కువ.

రెండవది, ఒకసారి నిర్ణయమైన ఈ పింఛనుకు కరువు ఉపశమనం లేదు. 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలని నిర్ణయించారు. ఆనాడు వెయ్యి రూపాయలకు వచ్చిన సరుకులకు 2025 జూన్‌లో సుమారు 1,650 రూపాయలు కావాలి. తిరగవేసి చెప్పినచో, ఆ వెయ్యికి 2014 లెక్కన సుమారు 606 రూపాయల సరుకే వస్తుంది. వృద్ధుని చేతిలోని వెయ్యి నోట్లు వెయ్యిగానే ఉన్నాయి, నాలుగు వందల సరుకు మాత్రం మాయమైంది.

కదలని పరిమితివల్ల ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇ.ఎస్.ఐ. వైద్య సదుపాయానికి జీతపు గీత 2017 జనవరి 1న 21,000 అయింది. ధరలకు తగినట్లు జీతం పెరిగి ఆ గీత దాటిన కార్మికుడు, నిజానికి ఏమీ సంపన్నుడు కాకుండానే, వైద్య రక్షణ కోల్పోతాడు. జీతం కదిలి గీత కదలకపోతే పెంపే శిక్షగా మారుతుంది.

గీతను కదిలించడం అసాధ్యమా? కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల గ్రాట్యుటీ విషయంలో, కరువు భత్యం 50 శాతానికి చేరినప్పుడెల్ల పరిమితి 25 శాతం పెరగాలని ఏడవ వేతన సంఘం సూచించింది. 2024 జనవరి 1న భత్యం 50 శాతానికి చేరగానే 20 లక్షల గీత 25 లక్షలైంది. ప్రైవేటు రంగ కార్మికులకు 2018 మార్చి 29న నిర్ణయించిన 20 లక్షల గీత మాత్రం ఆనాడు కదలలేదు. ఒకే దేశంలో ఒక గీతకు కాళ్లున్నాయి, మరొకదానికి లేవు.

ఇతర దేశాల పద్ధతి

ఖమ్మం జిల్లా పల్లెలనుండి అమెరికాకు వెళ్లి పనిచేస్తున్న యువకులు ఎందరో ఉన్నారు. వారు పదవీవిరమణ కొరకు జీతంనుండి దాచుకొనే 401(కె) అనే పొదుపు పథకానికి కూడా ఒక సాలీనా పరిమితి ఉన్నది. అది ప్రతి శరదృతువులో, చట్టంలోని సూత్రం ప్రకారం, ధరల సూచీని బట్టి మరుసటి ఏటికి ప్రకటితమవుతుంది. 2023లో 22,500 డాలర్లు, 2024లో 23,000, 2025లో 23,500, 2026లో 24,500. అయిదు వందల డాలర్ల మెట్లుగా మాత్రమే పెరుగుతుంది. మెట్టుకు చాలని పెరుగుదల ఆ ఏటికి ఆగి, మరుసటి ఏటి లెక్కలో కలుస్తుంది. ఎవరూ మంత్రులను ఆశ్రయించవలసిన అవసరం లేదు.

అక్కడ కూడా మొదటినుండి ఇట్లు లేదు. సాంఘిక భద్రత పథకంలో మొట్టమొదటి నెలవారీ చెక్కు 1940 జనవరిలో ఐడా మే ఫుల్లర్ అనే మహిళకు లభించింది. మొత్తం 22 డాలర్ల 54 సెంట్లు. యుద్ధం వచ్చి ధరలు పెరిగినా పది సంవత్సరాలు ఆమెకు అదే మొత్తం వచ్చింది. 1950లో చట్టసభ ప్రత్యేకంగా చట్టం చేసి పెంచవలసి వచ్చింది. అటువంటి చట్టాలు పలుమారు చేసిన తరువాత, 1972లో సవరణను సూత్రానికి అప్పగించారు. 1975 నుండి అది ఏటేటా తనంతట తానే జరుగుతున్నది. ధరలు ఎక్కువగా పెరిగిన తరువాత 2023కు 8.7 శాతం, అవి శాంతించిన తరువాత 2025కు 2.5 శాతం పెంచారు. సూత్రానికి దయలేదు, కాని మరపు కూడా లేదు.

సరిహద్దుకు ఇరువైపులా

వేంసూరు సరిహద్దు ఊరు గనుక మరొక దృశ్యం కూడా అక్కడివారి కంటబడుతుంది. ఏ ఉద్యోగమూ లేని వృద్ధులకు, వితంతువులకు ప్రభుత్వాలిచ్చే పింఛను అది. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో వెయ్యినుండి 2,016 రూపాయలకు పెరిగింది. తరువాత అయిదేండ్లు అదే అంకె సాగింది. సరిహద్దు ఆవల 2019లో 2,250గా ఉన్నది మెట్లు మెట్లుగా పెరిగి 2024 జనవరిలో 3,000, అదే సంవత్సరం జూలైలో 4,000 అయింది. ఒకే యాస మాట్లాడే ఇద్దరు వృద్ధులలో పొలిమేరకు అటువైపు ఉన్నవారికి, ఇటువైపు ఉన్నవారికి 2024 జూలైలో రమారమి రెట్టింపు తేడా. రెండుచోట్లా పెంపు వచ్చినది ఎన్నికల వాగ్దానంనుండే, సూచీనుండి కాదు. ఉపాధి హామీ కూలి మాత్రం ఏటేటా వ్యవసాయ కూలీల ధరల సూచీని అనుసరించి మారేది. రెండు రాష్ట్రాలలోను 2024-25లో రోజుకు 300 రూపాయలు, 2025-26లో 307 రూపాయలు. పెంపు స్వల్పమే, కాని ఎవరినీ అడుక్కొనకుండా వచ్చినది.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఈ సమస్య

ఇది ఆధునిక సమస్య అనీ, పూర్వగ్రంథాలలో దీనికి తావులేదనీ తలచడం పొరపాటు. మహాప్రవక్త (స) కాలంలో హత్యా పరిహారం నూరు ఒంటెలు. దాని వెల ఆనాడు 800 దీనారులు లేక 8,000 దిర్హములు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయిన తరువాత, ఒంటెల ధర పెరిగిందని ప్రజలముందు ప్రకటించి, ఆ మొత్తాన్ని బంగారంలో 1,000 దీనారులుగాను, వెండిలో 12,000 దిర్హములుగాను సవరించారని సుననె అబూదావూద్‌లో ఉల్లేఖన ఉన్నది. హక్కుదారునికి చెందవలసినది నూరు ఒంటెల విలువ. నాణెముల సంఖ్య ఆ విలువకు సేవకుడు మాత్రమే. సంఖ్య విలువకు చాలనప్పుడు సంఖ్యను మార్చారు.

బైతుల్‌మాల్ నుండి ప్రజలకు భత్యాలు ఏర్పరచినప్పుడు ఆయన అనుసరించిన పద్ధతి కూడా గమనార్హం. నిర్ణీత కొలత గోధుమలతో రొట్టెలు చేయించి, ముప్పది మందికి రెండు పూటలా భోజనం పెట్టి, ఎంత సరిపోయినదో చూచి, దానినిబట్టి మనిషికి నెలకు రెండు జరీబుల ధాన్యం నిర్ణయించారని బలాదురీ నమోదు చేశాడు. మనిషికి ఏమి కావాలో మొదట కొలిచి, తరువాత భత్యం నిర్ణయించడం! నేటి ధరల సూచీకి ఆధారమైన ఆలోచన కూడా ఇదే. హజ్రత్ అబూబక్ర్ (రజి)కు ఖలీఫాగా మొదట నిర్ణయించిన భత్యం కుటుంబానికి చాలకపోగా దానిని పెంచారని ఇబ్నె సాద్ తబఖాత్‌లో చెప్పబడింది.

జకాతుకు వర్తించే నిసాబు కూడా ఒక పరిమితియే. అది ఇరవై దీనారుల బంగారం, లేక రెండు వందల దిర్హముల వెండి. గ్రాములలో 87.48 బంగారం, 612.36 వెండి అని మనదేశపు ఉలమా లెక్కకట్టారు. దీనిని రూపాయలలో శాశ్వతంగా వ్రాసి ఉంచలేదు. కాబట్టి ఆ రోజు ధరను బట్టి దాని రూపాయల విలువ తనంతట తానే మారుతుంది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ధరలు పెరిగినవని అప్పును కూడా పెంచి వసూలు చేయవచ్చునా? దీనికి ఫుఖహా ఇచ్చిన సమాధానం వేరు. పైకం విలువ మారినప్పుడు తీసుకున్నంతే ఇవ్వాలా, విలువ ఇవ్వాలా అన్న చర్చ ఇమామ్ అబూహనీఫా, ఇమామ్ అబూయూసుఫ్ కాలంనుండీ ఉన్నది. ఇబ్నె ఆబిదీన్ దీనిమీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రచించాడు. ఇస్లామీయ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో, అప్పు ఎంత సంఖ్యలో తీసుకున్నారో అంతే చెల్లించాలని, ధరల సూచీకి ముడివేయరాదని తీర్మానించింది. కాని అదే అకాడమీ 1993లో బ్రూనై సమావేశంలో, వేతనాలను ధరల స్థాయికి ముడివేయడం, సామాన్య ఆర్థిక వ్యవస్థకు హాని కలుగనంతవరకు, ధర్మసమ్మతమని చెప్పింది. తేడా స్పష్టం. అప్పు గడచిపోయిన బేరం. దానిమీద అదనం వడ్డీకి దారితీస్తుంది. వేతనం ముందు చేయబోయే పనికి ప్రతిఫలం. దానిని ఎంతగా, ఏ లెక్కన ఇవ్వాలో ఇరువురూ ముందుగా ఒప్పుకొనవచ్చు.

మన చేతిలో ఉన్నవి

ప్రభుత్వపు గీతలు కదిలించడం సామాన్యుని చేతిలో లేదు. కాని కొన్ని గీతలు మన ముంగిటనే ఉన్నాయి.

మొదటిది మసీదు ఇమాము, ముఅజ్జినుల వేతనం. తెలంగాణ ప్రభుత్వం వక్ఫ్ బోర్డు ద్వారా ఇచ్చే గౌరవ వేతనం 2018లో నెలకు 5,000 రూపాయలకు పెరిగింది. దానికి సూచీ ముడి లేదు. పల్లెలలో దానికి తోడు మసీదు కమిటీ ఇచ్చే మొత్తం ఎన్నడో ఒక సమావేశంలో నిర్ణయమై, ఎవరైనా గట్టిగా అడిగేవరకు అట్లే సాగుతూ ఉంటుంది. ఇమాము అడగడానికి సిగ్గుపడతాడు. కమిటీ గుర్తుచేసుకొనదు. ప్రభుత్వం కరువు భత్యం ఆపినదని విమర్శించే పింఛనుదారులే కమిటీలో సభ్యులుగా ఉండి ఇమాము భత్యాన్ని ఆపుతూ ఉండడం తరచుగా జరిగే పని. తీర్మానపు పుస్తకంలో ఒకే ఒక వాక్యం వ్రాసుకుంటే చాలు: ప్రతి రమజాన్‌కు ముందు సూచీలో వచ్చిన మార్పును చూచి ఈ మొత్తం సవరించబడును. ఇది దానం కాదు, నిర్ణయించిన కూలి విలువను నిలబెట్టడం.

రెండవది మహర్. హైదరాబాదు ప్రాంతపు పాత నికాహ్‌నామాలలో సిక్కా రాయిజుల్ వఖ్త్ రూపాయలతోపాటు కొన్ని దీనార్ సుర్ఖులు కూడా వ్రాసేవారు. రూపాయలతోపాటు బంగారం వ్రాయడం స్త్రీకి ఎంత రక్షణ అయినదో నేడు తెలుస్తున్నది. నలభై ఏండ్ల క్రితం రూపాయలలో మాత్రమే వ్రాసి బాకీ పెట్టిన మహర్, వితంతువు చేతికి వచ్చేనాటికి ఒక నెల కిరాణాకు కూడా చాలడం లేదు. బాకీపడిన మహర్ అప్పు గనుక తరువాత దానిని సూచీకి ముడివేయరాదు. కాని నికాహ్ నాడే బంగారంలోగాని వెండిలోగాని నిర్ణయించడానికి ఏ అభ్యంతరమూ లేదు. మహరె ఫాతిమీ అనబడేది 500 దిర్హముల వెండి, సుమారు 1,530 గ్రాములు. అది వెండిగా వ్రాసినంతకాలం వెండిగానే ఉంటుంది.

మూడవది, ఇంట్లో, పొలంలో, దుకాణంలో పనిచేసే వారి కూలి. కనీస వేతనాల జాబితాలలోని కరువు భత్యం ఏటా ఏప్రిల్, అక్టోబరులలో సూచీని బట్టి మారే పద్ధతి ఉన్నది. ఆ జాబితా మండల కేంద్రాలలోని చిన్న దుకాణందారులలో ఎందరు చూస్తున్నారో వారి అంతరాత్మకే తెలియాలి.

ముగింపు

వేంసూరు అరుగుమీది ముగ్గురు వృద్ధుల దగ్గరకు మరల వస్తే, వారి మధ్య ఉన్న తేడా ఇప్పుడు స్పష్టం. ఉపాధ్యాయుని పింఛను, ఆలస్యంగానైనా, ధరల వెంట నడుస్తున్నది. గని కార్మికునిది పని విరమించిన రోజున ఆగిపోయింది. మిల్లు గుమాస్తాది మొదటినుండే కదలని గీతకు కట్టబడి ఉన్నది. ముగ్గురూ నెలనెలా వాటా చెల్లించినవారో, చెమటోడ్చినవారో అయి ఉన్నారు.

ఏ పింఛను పథకాన్నయినా పరీక్షించడానికి పాఠకులు మూడు ప్రశ్నలు గుర్తుంచుకుంటే చాలు. ఈ మొత్తం ధరలతోపాటు మారుతుందా? మారితే, ఏ సూచీని బట్టి, ఎన్ని నెలలకొకసారి మారుతుంది? ఆ మార్పు సూత్రం వల్ల జరుగుతుందా, ఉత్తర్వు కొరకు వేచి ఉండాలా? యువకులు ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం ఎంత అని అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలు కూడా అప్పుడే అడగడం మంచిది. అరవై ఏండ్లు నిండిన తరువాత అడిగితే జవాబు వస్తుంది గాని, దానివల్ల ప్రయోజనం ఉండదు.

కొలతలోను తూకంలోను తగ్గించి ఇచ్చేవారిని ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. తక్కెడను తాకకుండానే తూకం తగ్గిపోయే మార్గం ఒకటున్నదని ధరల సూచీ తెలుపుతున్నది. దానిని చూచి కూడా సరిదిద్దకపోవడానికి, తెలియదనే సాకు ఇక మిగలదు.